ఒకటో లెవెల్ నుంచి ఇరవై దాకా: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌తో ఎనిమిదేళ్లు

పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఈ టేబుల్ ఆటని 2017 వేసవిలో మొదలుపెట్టాం. ఆడేవాళ్లు నలుగురు, డీఎం (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపించేవాడు) నేను. ఆదివారం మధ్యాహ్నాలు, హైదరాబాద్‌లో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద. రూల్స్ 2014 నాటి పుస్తకానివే. మొదటి కథ ఒకటో లెవెల్ నుంచి ఇరవయ్యో లెవెల్ దాకా నడవడానికి అయిదేళ్లు పట్టింది. రెండోది ఇప్పుడు పన్నెండో లెవెల్‌లో ఉంది. ఈ ఆట మీద వచ్చే అభిప్రాయాలు ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లో రాసినవే. పాత్రల బలం, మంత్రాల బలం ఎక్కడ అందంగా పెరుగుతాయో, ఎక్కడ చేయి దాటిపోతాయో అప్పటికి తెలియదు.

ఒకటో లెవెల్‌లో మా విజార్డ్‌కి, అంటే మంత్రగాడికి, ఉన్న ప్రాణం ఏడు హిట్ పాయింట్లు. స్పెల్ స్లాట్లు (మంత్రం వేసే అవకాశాలు) రెండు, మధ్యలో కాసేపు సేదదీరితే ఇంకొకటి. రెండో ఆదివారమే ఒక గాబ్లిన్ కత్తి తగిలింది. అప్పటికి అతని దగ్గర మిగిలినవి మూడు పాయింట్లు. పడింది క్రిటికల్ (దెబ్బ పాచికలు రెట్టింపయ్యే వేటు), మొత్తం పది దెబ్బ. మూడు పోగా మిగిలిన ఏడు అతని పూర్తి ప్రాణంతో సమానం కాబట్టి డెత్ సేవ్‌లు (చావు తప్పించుకోవడానికి వేసే పాచికలు) కూడా లేకుండా అక్కడికక్కడే చనిపోయాడు. టేబుల్ చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ భయం నాకు ఇష్టం. ఆ తర్వాత రెండు నెలలు తలుపు తీసే ముందు ప్రతిసారీ చెవి పెట్టి విన్నారు.

అయిదో లెవెల్‌లో ఆట ముఖమే మారిపోతుంది. విజార్డ్‌కి ఫైర్‌బాల్ వస్తుంది: ఎనిమిది ఆరుముఖాల పాచికలు, ఇరవై అడుగుల వ్యాసార్థం. సగటున 28 దెబ్బ. గాబ్లిన్‌కి ఉండేవి ఏడు పాయింట్లే, తప్పించుకుని సగం దెబ్బ తిన్నా సాధారణంగా మిగలదు. అదే లెవెల్‌లో ఫైటర్‌కి, అంటే ఆయుధాలతో పోరాడే యోధుడికి, ఒకే వంతులో రెండో దెబ్బ కొట్టే అవకాశం వస్తుంది. అందుకే ఆ మలుపు దగ్గర ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు. అయిదు నుంచి పది లెవెల్ వరకు సాగే భాగమే ఈ ఆట గొప్పతనమని నా నమ్మకం. బలం ఉంది, కానీ దూరం ఇంకా దూరమే, గోడ ఇంకా గోడే.

ఈ భాగాన్ని నిలబెట్టేది కాన్సన్‌ట్రేషన్ రూల్. కొన్ని మంత్రాలు నిలవాలంటే వేసినవాళ్లు వాటి మీదే మనసు పెట్టి ఉండాలి. అలాంటి మంత్రం ఒకేసారి ఒక్కటే పట్టుకోగలరు, దెబ్బ తగిలితే అదీ జారిపోవచ్చు. ఏడో లెవెల్‌లో మా కొత్త విజార్డ్ అలాంటి మంత్రంతో ఫైటర్‌ని ఎగిరేలా చేశాడు. ఫైటర్ లోయ మధ్యలో, నేలకి అరవై అడుగుల ఎత్తున ఉండగా ఒక బాణం వచ్చి విజార్డ్ భుజానికి తగిలింది. మంత్రం నిలుపుకోవడానికి వేసిన ఇరవై ముఖాల పాచిక మీద నాలుగే పడింది. మంత్రం పోయింది, ఫైటర్ కింద పడ్డాడు. బతికాడు గానీ, ఆ రోజు నుంచి డాలు పట్టుకుని విజార్డ్ పక్కనే నిలబడడం అతనికి అలవాటైపోయింది. వాళ్లిద్దరి స్నేహం కథలో అక్కడే పుట్టింది. దానికి నేను ఒక్క మాట రాయలేదు, రూలే పుట్టించింది.

ఇంకో మంచి విషయం, గురి తప్పకుండా కొట్టే నైపుణ్యానికి వచ్చే బోనస్ ఇరవై లెవెల్స్‌లోనూ రెండు నుంచి ఆరు వరకే పెరుగుతుంది. అందువల్ల తొమ్మిదో లెవెల్ వీరుడికి కూడా గోడ మీద ఇరవై మంది మామూలు విలుకాళ్లు కనిపిస్తే టెన్షన్ తప్పదు.

తేడా పదకొండు దాటాక వచ్చింది. పదమూడో లెవెల్‌లో విజార్డ్‌కి టెలిపోర్ట్, అంటే క్షణంలో దూరాలు దాటించే మంత్రం, దక్కింది. నేను మూడు వారాలు కూర్చుని ఒక ఎడారి గీశాను. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ తెగ ఎవరికి శత్రువో అన్నీ రాసుకున్నాను. అవతలి కోట నుంచి ఎవరో తెచ్చిన తలుపు గొళ్లెం వాళ్ల సంచిలో ఉంది. గమ్యానికి చెందిన వస్తువు చేతిలో ఉంటే గురి తప్పదని రూల్. ఒకే ఒక్క మంత్రంతో ఎడారి దాటేశారు. అతను తప్పేమీ చేయలేదు, తెలివిగా ఆడాడు. కానీ ఆ సాయంత్రం ఫైటర్ ఆడే స్నేహితుడు వెళ్తూ వెళ్తూ అన్నాడు: "నేను ఇంకొంచెం గట్టిగా కొడుతున్నాను అంతే రా. వాడేమో దారే లేకుండా చేస్తున్నాడు."

అసలు చిక్కు దెబ్బల లెక్కలో లేదని అప్పుడు అర్థమైంది. పదకొండులో మూడో దెబ్బ, ఇరవైలో నాలుగో దెబ్బ వచ్చే ఫైటర్ పోరులో ఎప్పుడూ వెనకబడలేదు. వెనకబడింది పోరు బయట. ప్రయాణం, రహస్యం, చావు, ఒక్కోదాన్నీ ఒక్కో మంత్రం తీసేసుకుంటూ పోతుంది.

దీనికి మందు అదే రూల్స్‌లో ఉంది, మేం చాలా ఆలస్యంగా చూశాం. డీఎం పుస్తకం ఒక రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు ఉంటాయని లెక్క వేస్తుంది. మా ఆదివారం నాలుగు గంటల్లో రెండు జరిగితే గొప్ప. సెషన్ ముగిసేసరికి కథలో పాత్రలన్నీ పడుకునేవి, ఆ విశ్రాంతితో తర్వాతి వారం స్లాట్లన్నీ నిండుగా ఉండేవి. పొదుపు అవసరమే లేని చోట విజార్డ్‌ని ఏదీ ఆపదు. రెండో కథలో ఎనిమిదో లెవెల్ నుంచి పుస్తకంలోని ఐచ్ఛిక రూల్ పెట్టాం: చిన్న విశ్రాంతి ఎనిమిది గంటలు, పెద్ద విశ్రాంతి ఏడు రోజులు. మొదట్లో విజార్డ్ ఆడే అతనికి కష్టమైంది. ఎనిమిది గంటలు నిలిచే మేజ్ ఆర్మర్ (మంత్ర కవచం) లాంటి మంత్రాలు ఈ లెక్కలో దండగైపోతాయి, వాటి కాలాన్ని మేమే పెంచుకున్నాం. ఇప్పుడు అతను ఒక్కో స్లాట్ వాడే ముందు మిగతా ముగ్గురి ముఖాలూ చూస్తున్నాడు. వజ్రాలు కూడా అరుదు చేశాను. చనిపోయినవాళ్లని బతికించే రివైవిఫై మంత్రానికి 300 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి, అది దొరకని ఊళ్లో చావుకి మళ్లీ బరువొచ్చింది.

పదిహేడు పైన చెప్పడానికి పెద్దగా లేదు. దాదాపు ఏ కోరికైనా తీర్చే విష్ మంత్రం వచ్చాక నా తయారీ అంతా ఊహాగానమే. ఆఖరి పోరులో వచ్చిన పురాతన ఎర్ర డ్రాగన్‌కి 546 హిట్ పాయింట్లు. నాలుగు రౌండ్లలో, అంటే కథలో ఇరవై నాలుగు సెకన్లలో పడిపోయింది. మాకు మాత్రం రెండు ఆదివారాలు పట్టింది. పాచికలు లెక్కపెట్టడంలోనే చాలా సమయం పోయింది.

2024 పుస్తకం నుంచి ఆయుధాల మాస్టరీ ఒక్కటే తెచ్చుకున్నాం. శత్రువుని పడదోయడం, వెనక్కి నెట్టడం లాంటివి ఫైటర్ చేతికి మొదటి లెవెల్ నుంచే వస్తాయి. అతను ఉత్సాహంగా ఆడుతున్నాడు. టెలిపోర్ట్ సంగతి మాత్రం అది తేల్చదు.

మా విజార్డ్ ఇంకో లెవెల్ ఎక్కితే అదే మంత్రం మళ్లీ వస్తుంది. పోయిన వారం నలుగురితోనూ మాట్లాడాను. తీసేయొద్దన్నారు. ఒకసారి వాడితే ఏడు రోజుల దాకా ఆ స్లాట్ తిరిగి రాదు కాబట్టి, వెళ్లాక వెనక్కి రావడం నడకే. ఆ తిరుగు దారి నేను ఇప్పుడు గీస్తున్నాను.