ర్యాంకు చూపి అమ్ముతున్న డయాబ్లో ఖాతాలతో జాగ్రత్త

తిరుపతిలో చదువుకుంటున్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో బ్లిజర్డ్ కంపెనీ తయారుచేసిన కంప్యూటర్ ఆట డయాబ్లో 3లో టాప్ ర్యాంకు ఉన్న ఖాతా అమ్మకానికి ఉందంటూ ఒక ప్రకటన తిరుగుతోంది. దాన్ని నమ్మి, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ ఇంజినీరింగు చదువుతున్న మా మేనల్లుడు ఎనిమిది వేల రూపాయలు యూపీఐలో చెల్లించి మోసపోయాడు. అమ్మిన వ్యక్తి పేరు ఫిర్యాదులో ఇచ్చాం కనుక ఇక్కడ రాయడం లేదు. మోసం జరిగిన పద్ధతి మాత్రం కొనాలనుకునే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ఆ ఆటలో ర్యాంకును నిర్ణయించేవి 2014లో వచ్చిన గ్రేటర్ రిఫ్టులు, అంటే రాక్షసుల గుంపులను చంపుతూ గడువులోపు ముగించాల్సిన పోరాట ఘట్టాలు. పదిహేను నిమిషాల గడువులోపు ఎంత పై స్థాయి రిఫ్టును, ఎంత త్వరగా ముగించారన్నదే లెక్క. గరిష్ఠ స్థాయి 150. ఒంటరిగా ఆడేవారికి ఒక్కో క్లాసుకు (బార్బేరియన్, విజర్డ్ వంటి పాత్ర రకానికి) ఒక్కో లీడర్‌బోర్డు (ర్యాంకుల పట్టిక) ఉంటుంది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు కలిసి ఆడే జట్లవి వేరు. కొనేవారు గమనించవలసింది ఈ తేడానే. మావాడికి పంపిన స్క్రీన్‌షాట్ నలుగురి జట్టు లీడర్‌బోర్డుది. మిగిలిన ముగ్గురి పేర్లు కనబడకుండా అంచులు కత్తిరించి పంపారు.

చేతికొచ్చిన పాత్ర బార్బేరియన్. నలుగురి జట్టులో బార్బేరియన్ తరచుగా సహాయక పాత్రగా ఉంటాడు: రాక్షసులను ఒకచోటికి లాగుతాడు, తోటివారికి తగిలే దెబ్బను తగ్గిస్తాడు, చంపే పని మరొకరికి వదిలేస్తాడు. అతని ఆయుధాలు, కవచాలు అన్నీ ఆ పనికే అమర్చి ఉంటాయి. అలాంటి పాత్రతో ఒంటరిగా రిఫ్టులోకి వెళ్తే, గుంపును బ్రహ్మాండంగా పోగుచేయగలిగినా చంపలేక గడువు మించిపోతుంది. మావాడికి జరిగింది అదే. ర్యాంకు అబద్ధం కాదు, కానీ అది ఈ పాత్ర ఒక్కదానిది కాదు.

నిజంగా ఒంటరి ర్యాంకు ఉన్న పాత్ర దొరికినా దాని విలువ సీజన్ (ఆటలో కొంతకాలం సాగే ఒక విడత) ముగిసేవరకే. కొత్త సీజన్‌లో అందరూ మొదటి స్థాయి నుంచి మొదలుపెట్టాలి, లీడర్‌బోర్డూ ఖాళీగా మొదలవుతుంది. దానికి తోడు క్లాసుల బలాబలాలు కంపెనీ చేతిలో ఉంటాయి. దీని తర్వాతి ఆట డయాబ్లో 4 మొదటి సీజన్‌కు రెండు రోజుల ముందు, 2023 జూలై 18న వచ్చిన 1.1.0 ప్యాచ్ (ఆటలో మార్పులు చేసే అప్‌డేట్) క్లాసులన్నింటి దెబ్బ బలాన్ని తగ్గించింది. సోర్సరర్ అనే మాంత్రిక క్లాసు ఆడేవారి ఆగ్రహం ఎంతగా పెల్లుబికిందంటే, ఇలాంటి ప్యాచ్ మళ్లీ ఇవ్వబోమని తయారీదారులే బహిరంగంగా చెప్పవలసి వచ్చింది. ఆ వారం ముందు ఎవరైనా బలమైన సోర్సరర్ ఖాతాను డబ్బు పోసి కొని ఉంటే, వారు ఎవరిని అడగగలరు? ఆట బలాబలాలను సరిదిద్దే హక్కు తయారీదారులది, అది న్యాయమే కూడా. ఆ సమతూకం నిలకడగా ఉంటుందన్నట్టు ధర చెప్పి అమ్మడం అన్యాయం.

ఇక ఖాతా సంగతి. బ్లిజర్డ్ నిబంధనల ప్రకారం ఖాతాను ఇతరులకు అమ్మకూడదు. అది మొదట ఎవరి పేర నమోదైందో వారిదిగానే మిగులుతుంది. మావాడు పాస్‌వర్డ్ మార్చుకున్నా, అసలు యజమాని తన గుర్తింపు చూపి ఖాతాను వెనక్కి తీసుకున్నాడు. ఫోన్ చేస్తే అమ్మినవాడు మావాడి నంబరును బ్లాక్ చేశాడు.

డబ్బు పోయినవారు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. యూపీఐ లావాదేవీ సంఖ్య, చాట్‌లు, ప్రకటన చిత్రం తుడిచేయకుండా దాచుకోండి. ఇప్పుడు అదే స్క్రీన్‌షాట్‌ను విజర్డ్ ఖాతా అని మార్చి పంపుతున్నారని మావాడి స్నేహితులు చెబుతున్నారు. మీ హాస్టల్ గ్రూపులో కనబడితే, దాని కింద ఈ సమాచారం పెట్టండి.