కడప బండ ముక్కను కొలవడానికి స్కేలా, కొలజాడీయా?

కడపలో నాపరాయి ముక్కలకు కొదవలేదు. ఘనపరిమాణం పాఠానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు తోచదు.

మిషన్‌తో సమంగా కోసిన ముక్కైతే స్కేలు చాలు. పొడవు 6, వెడల్పు 5, మందం 2 సెం.మీ. ఉంటే 60 ఘన సెం.మీ. పొడవులో ఒక్క మిల్లీమీటరు ఎక్కువ చదివితే జవాబు 61 అవుతుంది. అదే తప్పు మందంలో జరిగితే 63! అందుకే మందానికి మాత్రం వెర్నియర్ కాలిపర్స్ (స్కేలు కన్నా సూక్ష్మంగా కొలిచే, దవడలున్న పరికరం) వాడమంటాను.

సుత్తి దెబ్బకు విరిగిన పెచ్చుకు స్కేలు పనికిరాదు. కొలజాడీలో, అంటే మి.లీ. గీతలున్న గాజు పాత్రలో, 60 మి.లీ. నీళ్లు పోసి, పెచ్చును దారంతో కట్టి మెల్లగా దించాలి. పడేస్తే గాజు పగిలిపోవచ్చు. మట్టం 78కి వస్తే ఘనపరిమాణం 18 ఘన సెం.మీ., ఎందుకంటే 1 మి.లీ. అంటే 1 ఘన సెం.మీ. రాతికి అంటుకున్న గాలి బుడగలు పోయేదాకా ఆగండి. గాజు అంచున నీరు కాస్త పైకి పాకుతుంది కాబట్టి, కన్నును మట్టానికి సమంగా ఉంచి మధ్యలోని పల్లాన్నే చదవాలి. పిల్లలు తడబడేది ఇక్కడే.

అయినా మొదట జాడీనే చూపిస్తాను. రాయి ఎంత చోటు తీసుకుందో నీళ్లు కళ్లముందే పైకి లేచి చెబుతాయి. జాడీలో పట్టని ముక్కైతే, నిండు గిన్నెలో ముంచి పొర్లిన నీటిని పట్టి కొలవండి.