రోజూ వాట్సాప్ అప్‌డేటా, సోమవారం మీటింగా, గోడ మీద బోర్డా: టీమ్ టార్గెట్‌కి ఏది మేలు?

మా పలాస, కాశీబుగ్గ వైపు జీడి ఫ్యాక్టరీల్లో పని ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి మూడు రకాలు చూశాను. సాయంత్రం అయ్యేసరికి వాట్సాప్ గ్రూపులో అప్‌డేట్ పెట్టించేవాళ్లు, సోమవారం అందర్నీ కూర్చోబెట్టేవాళ్లు, గోడకి బోర్డు కొట్టి చాక్‌పీస్‌తో రాయించేవాళ్లు. సూపర్‌వైజర్ పని నాది, మీది ఆఫీసు పనైనా గోల ఇంచుమించు ఇదే.

వాట్సాప్‌కి ఖర్చు లేదు, ఓనరు వైజాగ్‌లో ఉన్నా చూసుకుంటాడు, రేపెవరైనా "నాకు చెప్పలేదు" అంటే చూపించడానికి ఉంటాది. కానీ "ఈరోజు ఇన్ని బస్తాలు కటింగ్ అయింది" అన్న మెసేజ్‌లో టార్గెట్ ఎక్కడుందండీ? బస్తా అంటే పెంకుతో ఉన్న జీడి పిక్కలు 80 కిలోలు, ఆ పెంకు ఎలాగూ కట్ అవుతాది, మనకి కావాల్సింది గుండు, అంటే విరగని పప్పు పెరగడం, రెండుగా చీలిన బద్దా, విరిగిన ముక్కా తగ్గడం. 320 గ్రేడు అంటే పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు, అదే పప్పు బద్దయిందంటే రేటు పడిపోయినట్టే. పిక్క సరిగ్గా ఆరకుండా కటింగ్‌కి వస్తే పప్పు చితుకుతాది, పప్పుని వేడిగాలితో ఆరబెట్టే బోర్మాలో వేడి ఎక్కువైతే పొట్టు తీసేటప్పుడు విరుగుతాది, తక్కువైతే పొట్టే ఊడదు, ఇన్నిటికీ చివర్లో కనిపించేది మాత్రం ఒకటే, ముక్క పెరిగింది అని. ఎందుకు పెరిగిందో గ్రూపులో ఎవరూ రాయరు, రాస్తే బోర్మా కుర్రాడి పేరు ఓనరు కంట్లో పడతాది కదా. పైగా పీలింగ్‌లో పొట్టు తీసే ఆడవాళ్లలో చాలామంది ఆ గ్రూపులోనే లేరు. పప్పు ఎవరి చేతిలో ఉందో వాళ్లకి తప్ప అందరికీ అప్‌డేట్ వెళ్తంది!

సోమవారం మీటింగ్‌లో ఆ "ఎందుకు" బయటికొస్తాది. "బాబూ, గురువారం వచ్చిన పప్పుకి పొట్టు రాలేదు, గోటితో గీకాం" అని ఓ అప్ప అంది, కూపీ లాగితే ఆ మధ్యాహ్నం కరెంటు పోయి బోర్మా బ్లోయర్ ఆగిందని తేలింది. మంచిదే, కానీ ఆ సరుకు అప్పటికే టిన్నుల్లోకి వెళ్లిపోయింది. మీటింగ్ అన్నాక అడ్వాన్సులు, బోనస్, పెళ్లి సెలవులు అన్నీ అందులోనే.

నా ఓటు బోర్డుకే. పీలింగ్ హాలు గుమ్మం పక్కన రెండే రెండు అంకెలు, పోయిన వారం గుండు ఎంత శాతం, నిన్న ఎంత. కిలో లెక్కన కూలి తీసుకునేవాళ్లకి అంకెలు ఒకరు చదివి చెప్పక్కర్లేదు. మనుషుల పేర్లు మాత్రం ఎట్టిపరిస్థితుల్లో రాయొద్దు, రాశారో ముక్కలు పక్కోళ్ల గంపలోకి చేరిపోతాయి.

సాఫ్ట్‌వేర్‌లో డైలీ స్క్రమ్ అని రోజూ మీటింగ్ పెట్టుకుంటారు, దానికి గరిష్ఠం 15 నిమిషాలు, అసలు ఉద్దేశం ఇవాళ ఏం చేస్తే టార్గెట్‌కి దగ్గరవుతామో టీమే చూసుకోవడం, కానీ చాలాచోట్ల బాసుకి హాజరు చెప్పుకున్నట్టే నడుస్తంది. బోర్డు దగ్గర నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడుకున్నా ఆ పని అయిపోతాది.

ఎంత త్వరగా సరిదిద్దగలమో అంత తరచుగా చూసుకుంటే చాలు. బోర్మా వేడి ఆ పూటే సరిచేయొచ్చు కాబట్టి రోజూ చూడాలి, గుండు శాతం నిన్నటిది బోర్డు మీద ఉన్నా వారానికోసారి లెక్కేస్తేనే ఓ దారి కనిపిస్తాది, రోజువారీ హెచ్చుతగ్గులకి కంగారుపడితే మనశ్శాంతి ఉండదు. వాట్సాప్‌ని మాత్రం మిషన్ ఆగినప్పుడో సరుకు రానప్పుడో వాడండి.

టీమ్‌లో ఒకరు శ్రీకాకుళంలో, ఒకరు టెక్కలిలో, ఒకరు ఇచ్ఛాపురంలో ఉంటే మాత్రం బోర్డు పనికిరాదు, అప్పుడు గూగుల్ షీటే గతి. అందులో అంకె పక్కనే "ఎందుకు" అని ఓ కాలమ్ పెట్టండి, అది ఖాళీగా వదిలేసినవాళ్లకి ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడగండి.