పల్లెపాట కరెంటు గిటార్‌ను కలిసిన చోట్లు: గ్రీనిచ్ విలేజ్, న్యూపోర్ట్, బెథెల్

1960ల మొదట్లో బాంజో, గిటార్ పట్టుకొని పల్లెపాటలు పాడుకున్న అమెరికన్ కుర్రకారు నాలుగైదేళ్ళు తిరిగేసరికి రాక్ బృందాలకు అభిమానులైపోయారు. కొందరైతే తామే బృందాలు కట్టారు. జానపదం మీది ప్రేమతోనే నేనూ బర్డ్స్, లవిన్ స్పూన్‌ఫుల్ వంటి బృందాల దగ్గరికి చేరాను. అందుకే ఆ మార్పు జరిగిన చోట్లు, అంటే న్యూయార్క్ నగరంలోని గ్రీనిచ్ విలేజ్ పేట, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్, న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. వెంట మా మేనమామ వచ్చారు. ఆయనకు బుర్రకథ, ఉయ్యాల పాటలు ప్రాణం. డ్రమ్ముల మోత వింటే లేచి వెళ్ళిపోయే మనిషి.

మకాం ఎడిసన్‌లో, బంధువుల ఇంట్లో. న్యూజెర్సీలో మనవాళ్ళ ఇల్లు ఉంటే మన్‌హటన్ హోటళ్ళ జోలికి పోవద్దు. రైల్లో పెన్ స్టేషన్‌కు వచ్చి, సబ్‌వేలో వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్‌లో దిగితే విలేజ్ నడిబొడ్డునే ఉంటారు. అక్కడే బస చేయాలనుకుంటే వాషింగ్టన్ స్క్వేర్ హోటల్ ఉంది. ఒకప్పుడు దాని పేరు హోటల్ ఎర్ల్. జానపద గాయకులు బాబ్ డిలన్, జోన్ బాయెజ్ ఉన్న చోటు. దాని ధర మా చేతికి అందలేదు.

మక్‌డూగల్ వీధిలో 110వ నంబరు ఒకప్పటి ఫోక్‌లోర్ సెంటర్. పుస్తకాలు, రికార్డులు, తంత్రులు అమ్మిన ఆ దుకాణమే పాటగాళ్ళకు అడ్డా. 1961 ఏప్రిల్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో ఆదివారం పాటలకు అనుమతి నిరాకరిస్తే, దుకాణదారు ఇజ్జీ యంగ్ ముందు నిలబడి నిరసన నడిపించారు. 116లో గ్యాస్‌లైట్ కెఫే ఉండేది. 115లోని కెఫే వా ఇప్పటికీ నడుస్తోంది. 1961 జనవరిలో డిలన్ ఊళ్ళోకి వస్తూనే పాడింది అక్కడే. 1966లో గిటారిస్టు జిమి హెండ్రిక్స్‌ను ఇంగ్లండు రాక్ బృందం యానిమల్స్‌లో బాస్ గిటార్ వాయించే చాస్ చాండ్లర్ చూసిందీ అక్కడే. ఆ యానిమల్స్‌కు 1964లో పేరు తెచ్చిన పాట ఒక పాత అమెరికన్ జానపదం. ఈ ముడి సంగతి చెప్పాక మామయ్య మొదటిసారి ఆసక్తిగా తల తిప్పారు.

సాయంత్రానికి మాత్రం నా ఓటు బ్లీకర్ వీధిలోని బిటర్ ఎండ్‌కే. 1961 నుంచి ఉన్న చిన్న హాలు. ఇటుక గోడ ముందు ఎవరో ఒకరు సొంత పాట పాడుతుంటారు, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. కెఫే వాలో పాత హిట్లు హుషారుగా వాయిస్తారు గానీ పెద్దవాళ్ళకు ఆ శబ్దం భారం. ఈ క్లబ్బుల్లో చాలాచోట్ల టికెట్‌తో పాటు పానీయాలు కూడా కొనాలనే నిబంధన ఉంటుంది, ముందే అడగండి. శాకాహారులకు మక్‌డూగల్‌లోనే 1971 నాటి మమూన్స్ ఫలాఫెల్ ఉంది. తక్కువ ఖర్చుతో కడుపు నిండుతుంది. పార్కులో పాటలకు మాత్రం పైసా ఖర్చు లేదు, నాకు అన్నిటికన్నా నచ్చిందీ అదే.

ఏటా జానపద ఉత్సవం జరిగే న్యూపోర్ట్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను: ఉత్సవం లేని రోజుల్లో సంగీతం కోసం అంత దూరం వెళ్ళనవసరం లేదు. 1965 జూలై 25న డిలన్ కరెంటు గిటార్‌తో వేదికెక్కి మూడు పాటలు పాడిన ఫెస్టివల్ ఫీల్డ్‌లో ఇప్పుడు నివాస గృహాలున్నాయి. ఆ రోజు జనం ఎందుకు అరిచారన్నది నేటికీ తేలని వాదమే. కరెంటు గిటార్ గిట్టక కొందరు, పాట సరిగ్గా వినబడక కొందరు, ఇంత త్వరగా ముగించాడేమని ఇంకొందరు అరిచారంటారు. న్యూపోర్ట్ కాసినో అనే పాత టెన్నిస్ క్లబ్బు వెనక ఫ్రీబాడీ పార్కు మాత్రం మిగిలే ఉంది. 1959లో మొదటి జానపద ఉత్సవం జరిగింది అక్కడే. ఇప్పటి ఉత్సవం జూలై చివర్లో ఫోర్ట్ ఆడమ్స్‌లో, సముద్రం ఒడ్డున జరుగుతుంది. ఎవరు పాడతారో ప్రకటించకముందే టికెట్లు అయిపోతుంటాయి. మేము దిగిన అతిథి గృహంలో గది చెప్పినట్టే ఉంది గానీ, కారు నిలిపినందుకూ శుభ్రం చేసినందుకూ చివర్లో విడిగా వసూలు చేశారు. బుక్ చేసేటప్పుడు మొత్తం ఎంతో రాయించుకోండి. కారు లేకపోతే ప్రావిడెన్స్ నుంచి 60వ నంబరు బస్సు నేరుగా న్యూపోర్ట్ వస్తుంది.

బెథెల్ సంగతి వేరు. వుడ్‌స్టాక్ అనే పెద్ద సంగీతోత్సవం 1969 ఆగస్టులో జరిగింది వుడ్‌స్టాక్ ఊళ్ళో కాదు, అక్కడికి గంటకు పైగా కారు ప్రయాణమున్న బెథెల్‌లో, మాక్స్ యాస్గర్ అనే పాడి రైతు పొలంలో. మొదటి రోజు శుక్రవారం, దాదాపు అంతా జానపదుల రోజే. యోగా గురువు సచ్చిదానంద స్వామి ఆశీర్వచనం పలికారు. వానలో రవిశంకర్ సితార్, అల్లా రఖా తబలా. చివర్లో జోన్ బాయెజ్. మొట్టమొదట పాడినది విలేజ్ కెఫేల నుంచి వచ్చిన రిచీ హేవెన్స్. తర్వాతి వాళ్ళు సమయానికి చేరక ఆయనను మళ్ళీ మళ్ళీ వేదిక మీదికి పంపారు. పాటలన్నీ అయిపోయాక ఒక పాత నీగ్రో ఆధ్యాత్మిక గీతం పట్టుకొని అక్కడికక్కడే కొత్త పాట అల్లేశాడు. ఆ దృశ్యం చూపించినప్పుడు మామయ్య, "వీడు మనవాడే రా, జనం లేవనంత సేపు కథను సాగదీస్తున్నాడు" అన్నారు.

నాకు జాన్ సెబాస్టియన్ సంగతి ముఖ్యం. విలేజ్‌లో పెరిగి, జగ్ బ్యాండులో (కూజా ఊదుతూ వాయించే జానపద బృందంలో) మౌత్ ఆర్గన్ వాయించి, 1965లో లవిన్ స్పూన్‌ఫుల్‌తో నైట్ ఔల్ కెఫేను ఊపేసిన మనిషి. ఆ బృందం పేరు మిసిసిపీ జాన్ హర్ట్ పాటలోంచి తీసుకున్నది. ఆ ముసలి రైతు గాయకుడు 1963లో న్యూపోర్ట్‌లో పాడి కుర్రాళ్ళందరినీ కట్టిపడేశాడు. బెథెల్‌కు సెబాస్టియన్ ప్రేక్షకుడిగానే వచ్చాడు. శనివారం వాన తెరిపివ్వగానే వేదికెక్కించారు. ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చుకున్న గిటార్‌తో ఒంటరిగా పాడాడు. రాక్ అభిమానులతో నిండిన ఆ పొలంలో ఒక్కడే గిటార్ మీటుతుంటే జనం కూర్చొని విన్నారు. కరెంటు వచ్చాక జానపద శ్రోతలు పోయారనే మాటను నేను అందుకే ఒప్పుకోను.

బెథెల్ ఉత్సవ స్థలంలో 2008లో తెరిచిన మ్యూజియానికి టికెట్ ఉంది. రెండు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. ఏటవాలు పచ్చిక మైదానం, మూలన 1984 నాటి స్మారక ఫలకం చూడటానికి రుసుము లేదు. దిగువ నుంచి ఎక్కడం మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి కష్టం, పై దారి నుంచే చూడవచ్చు. చలికాలంలో మ్యూజియం మూసేస్తారు. బస్సు మాంటిసెల్లో దాకానే అనుకోండి, అక్కడి నుంచి కారు తప్పదు. బస కూడా మాంటిసెల్లోలోనే చూసుకోండి. కచేరీ ఉన్న వారాంతంలో ధరలు బాగా పెరుగుతాయి. మేము మామూలు రోజున వెళ్ళడం వల్ల గది చవకగా దొరికింది, మైదానంలో ఇష్టమైనంత సేపు కూర్చోగలిగాం. తిరుగు దారిలో జాన్ హర్ట్ పాట, ఆ వెంటనే స్పూన్‌ఫుల్ పాట పెట్టాను. డ్రమ్ములు మొదలయ్యాక మామయ్య శబ్దం తగ్గించమనలేదు, ఇంకోసారి పెట్టమన్నారు.