అపాచీనా, ఇంజిన్‌ఎక్సా, క్యాడీనా: చిన్న సైటుకు ఏది మేలు?

నాకు తెలిసినవాళ్లది ఒక చిన్న తెలుగు వెబ్ పత్రిక ఉంది. మామూలు రోజుల్లో వందో రెండొందలో మంది చదువుతారు. సంక్రాంతి సంచిక పెట్టిన రోజు మాత్రం లింకు వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కుతుంది, పావుగంటలో సైటు పడిపోతుంది. నెల అద్దెకు తీసుకున్న సర్వరు, 1 జీబీ ర్యామ్. వర్డ్‌ప్రెస్ అనే సైటు సాఫ్ట్‌వేర్, దాని కింద పేజీలను పాఠకులకు పంపే వెబ్ సర్వరు సాఫ్ట్‌వేర్ అపాచీ. ఇంజిన్‌ఎక్స్, క్యాడీ కూడా అలాంటివే. "అపాచీ పాతబడిపోయిందండీ, ఇంజిన్‌ఎక్స్‌కి మారితే పరుగెడుతుంది" అని ఎవరో చెప్పారట. సంపాదకుడు గారు ఫోన్ చేసి మారమంటారా అని అడిగారు. మారే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం అన్నాను.

వాళ్ల అపాచీ ప్రీఫోర్క్ పద్ధతిలో నడుస్తోంది. అంటే వచ్చిన ఒక్కొక్క కనెక్షన్‌కీ ఒక ప్రాసెస్, విడిగా నడిచే ఒక ప్రోగ్రాము కాపీ. ప్రతి ప్రాసెస్ కడుపులోనూ వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ మొత్తం ఉంటుంది, అక్కర ఉన్నా లేకపోయినా. చిన్న లోగో బొమ్మ పంపాలన్నా ఆ బరువంతా మోస్తూనే పంపాలి. వాళ్ల సర్వర్లో ఒక్కొక్కటి సుమారు 50 ఎంబీ తింటోంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల్లో ఇలాంటి ప్రాసెస్‌ల గరిష్ఠ పరిమితి 150 అని పెట్టి ఇస్తారు. 150ని 50తో గుణిస్తే 7,500 ఎంబీ. ఉన్నది 1 జీబీ! సంచిక రోజు జనం పెరగగానే ర్యామ్ నిండిపోయి, మిగతాదంతా డిస్క్ మీదున్న స్వాప్‌లోకి పోతుంది. అక్కణ్ణుంచి ఇక ఏదీ కదలదు, లోపలికి లాగిన్ కావడం కూడా కుదరదు.

డేటాబేస్‌కి 300, సిస్టమ్‌కి 200 వదిలేస్తే అపాచీకి మిగిలేది 500 ఎంబీ, అంటే పది ప్రాసెస్‌లు. 150 అన్నచోట 10 అని రాశాం. పదకొండో పాఠకుడు కాసేపు వరుసలో నిలబడతాడు, అంతే. సైటు నెమ్మదించవచ్చు గానీ పడిపోదు. సాఫ్ట్‌వేర్ మార్చకుండా, ఒక్క అంకె దిద్దితే అయిన పని ఇది.

మరి ఇంజిన్‌ఎక్స్ గొప్పతనం ఏమీ లేదా అంటే, ఉంది. పేరు చూసి ఎన్‌గింక్స్ అని చదివేవాళ్లు చాలామందే ఉన్నారు, ఇంజిన్ ఎక్స్ అనాలి. మన హోటళ్లలో టిఫిన్ తెచ్చిపెట్టే మనిషిని కూడా సర్వరనే అంటాం కదా. టేబుల్‌కి ఒక సర్వరు చొప్పున పెట్టి, ఆ కస్టమరు చివరి కాఫీ గుక్క తాగేదాకా పక్కనే నిలబడమంటే ఎలా ఉంటుందో ప్రీఫోర్క్ అలా ఉంటుంది. ఒక్కడే హాలంతా తిరుగుతూ, ఎవరు చెయ్యెత్తితే వాళ్ల దగ్గరికి వెళ్లడం ఇంజిన్‌ఎక్స్ పద్ధతి. ఒక్కసారి పదివేల కనెక్షన్లను ఒకే మెషీన్ ఎలా మోయాలన్న చర్చ 1999లో డాన్ కెగెల్ రాసిన వ్యాసంతో ఊపందుకుంది. రష్యాలో ఇగోర్ సిసోయెవ్ 2002లో ఇంజిన్‌ఎక్స్ రాయడం మొదలుపెట్టి, 2004లో అందరికీ విడుదల చేశాడు. సీపీయూ కోర్‌కి ఒక్క ప్రాసెస్ చాలు, అదే వేలాది కనెక్షన్లను చూసుకుంటుంది.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, నెమ్మది ఫోన్ల దగ్గర. పల్లెలో రెండు గీతల సిగ్నల్‌తో చదివే మనిషికి పేజీ దిగడానికి పది సెకన్లు పట్టిందనుకోండి. ప్రీఫోర్క్‌లో ఆ పది సెకన్లూ 50 ఎంబీ ప్రాసెస్ ఒకటి అతని కోసమే కాచుకుని ఉంటుంది. పేజీ దిగాక కూడా, ఇంకేమైనా అడుగుతాడేమోనని మరో 5 సెకన్లు ఆగుతుంది. కీప్ అలైవ్ అంటే అదే. ఇంజిన్‌ఎక్స్‌లో అలా కాచుకోవడానికి అయ్యే ఖర్చు దాదాపు లేదనే చెప్పాలి.

అయితే నెట్‌లో కనిపించే పోలికలు చాలావరకు పాత అపాచీని కొత్త ఇంజిన్‌ఎక్స్‌తో పోల్చేవే. 2012లో వచ్చిన అపాచీ 2.4లో ఈవెంట్ అనే పద్ధతి పూర్తి స్థాయిలో ఉంది. ఊరికే తెరుచుకుని ఉన్న కనెక్షన్లను అది పక్కన పెట్టి, పని చేసే థ్రెడ్లను (ప్రాసెస్ లోపలి చిన్న పనివాళ్లను) వేరేవాళ్లకు ఇస్తుంది. దానికి మారాలంటే పీహెచ్‌పీని అపాచీ కడుపులోంచి బయటికి తీసి, ఎఫ్‌పీఎం అనే వేరే సర్వీసుగా నడపాలి. గంట పని. ఇంకో లాభం కూడా ఉంది: ఒకే కనెక్షన్‌లో చాలా ఫైళ్లను ఒకేసారి పంపే హెచ్‌టీటీపీ 2 అనే పద్ధతి 2.4.27 నుంచి ప్రీఫోర్క్‌లో పనిచేయదు, ఈవెంట్‌లో పనిచేస్తుంది. బొమ్మలూ ఫాంట్లూ ఎక్కువున్న పేజీకి ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఇంజిన్‌ఎక్స్ పీహెచ్‌పీని వేగంగా నడుపుతుందంటారు. అసలు అది పీహెచ్‌పీని నడపనే నడపదు, అదే ఎఫ్‌పీఎంకి అప్పజెబుతుంది. అపాచీ వెనకున్నా ఇంజిన్‌ఎక్స్ వెనకున్నా ఎఫ్‌పీఎం పిల్ల ప్రాసెస్‌ల బరువు ఒక్కటే. కాబట్టి పైన వేసిన లెక్కే ఇక్కడా వేయాలి. డెబియన్‌లో ఈ పిల్ల ప్రాసెస్‌ల పరిమితి 5తో వస్తుంది. ర్యామ్ ఎక్కువున్నవాళ్లు దాన్ని పెంచుకోవడం మరిచిపోయి, సర్వరు ఖాళీగా ఉన్నా సైటు ఎందుకు మెల్లగా ఉందని తల పట్టుకుంటుంటారు.

అసలు మలుపు క్యాష్, అంటే ఒకసారి తయారైన పేజీని దాచుకుని మళ్లీ మళ్లీ ఇవ్వడం. ఒకే కథను నిమిషానికి 1,200 మంది తెరిచారనుకోండి. ఇంజిన్‌ఎక్స్‌లో పీహెచ్‌పీ ఇచ్చిన పేజీని దాచే ఫాస్ట్‌సీజీఐ క్యాష్‌ని ఒక్క నిమిషానికి పెట్టినా పీహెచ్‌పీ నడిచేది దాదాపు ఒక్కసారే, మిగతా అందరికీ సిద్ధంగా ఉన్న పేజీ వెళ్తుంది. లాగిన్ అయినవాళ్ల కుకీ (బ్రౌజరు పంపే గుర్తు) కనబడితే క్యాష్ వాడొద్దని మాత్రం తప్పకుండా రాయాలి, లేకపోతే ఒకరికి కనిపించాల్సిన పేజీ ఇంకొకరికి పోతుంది. అపాచీలో ఇదే పనిని వర్డ్‌ప్రెస్ క్యాష్ ప్లగిన్లు చేస్తాయి: పేజీని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దాచి, పీహెచ్‌పీ జోలికి పోకుండా దాన్నే ఇప్పిస్తాయి. అంత చక్కగా కాకపోయినా పని జరుగుతుంది.

ఫోల్డర్లలోనే సర్వరు నియమాలు రాసిపెట్టుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైళ్ల సంగతి వేరు. సౌకర్యం అపాచీదే, భారమూ దానిదే. ఫోల్డర్ లోపల ఫోల్డర్‌గా అయిదంతస్తుల కింద ఉన్న బొమ్మ అడిగితే, అయిదంతస్తుల్లోనూ ఆ ఫైలుందేమోనని ప్రతిసారీ వెతుకుతుంది. సర్వరు మీ చేతిలోనే ఉంటే అందులోని నియమాలన్నీ ప్రధాన కాన్ఫిగ్‌లోకి మార్చి, ఆ ఫైళ్లను చదవాలా వద్దా అని చెప్పే అలౌ ఓవర్‌రైడ్‌ని నన్ అని పెట్టేయండి. ఇంజిన్‌ఎక్స్ ఆ ఫైలును అసలు చదవదు. దాంతో వేగం ఉంది, ప్రమాదమూ ఉంది. కొన్ని ప్లగిన్లు బ్యాకప్ ఫోల్డరుకి తాళం వేసేది ఈ ఫైలుతోనే. ఇంజిన్‌ఎక్స్‌కి మారిన రోజు ఆ తాళం చప్పుడు లేకుండా ఊడిపోతుంది. మారేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వరును చాలా సైట్లు పంచుకునే చోట ఉన్నవాళ్లకు ఈ గొడవంతా లేదు, ఎంచుకునే హక్కే లేదు కాబట్టి. అక్కడ లైట్‌స్పీడ్ అనే మరో వెబ్ సర్వరు ఉంటే అదృష్టమే. అపాచీ నియమాల్ని అలాగే చదువుతుంది, దాని క్యాష్ ప్లగిన్ బాగా పనిచేస్తుంది. సొంత సర్వర్లో పెట్టుకోవడానికి ఓపెన్‌లైట్‌స్పీడ్ ఉచితంగా దొరుకుతుంది గానీ, హెచ్‌టీయాక్సెస్‌లో రీరైట్ (చిరునామాలు మార్చే) నియమాల్ని మాత్రమే చదువుతుంది, అవి మార్చినప్పుడల్లా రీస్టార్ట్ చేయాలి.

క్యాడీ 2015లో వచ్చింది, మ్యాట్ హోల్ట్ గో భాషలో రాశాడు. డొమైన్ పేరు రాస్తే చాలు, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది, గడువుకు ముందే అదే మార్చుకుంటుంది. వర్డ్‌ప్రెస్‌కి కాన్ఫిగ్ నాలుగైదు వరుసలు దాటదు. 90 రోజుల సర్టిఫికెట్ ఒక ఆదివారం పూట చచ్చిపోయి, సైటు భద్రం కాదని బ్రౌజరు ఎర్రగా చూపిస్తుంటే పడే టెన్షన్ తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. పేజీ క్యాష్ మాత్రం లోపల లేదు, ప్లగిన్‌తో చేర్చుకోవాలి. సర్వరు చూసుకునే మనిషి లేని సంస్థకి, ఊరి లైబ్రరీకో చిన్న బడికో, నేను ఇదే చెబుతాను.

తెలుగు సైటు కాబట్టి ఇంకో సంగతి. యూటీఎఫ్ 8 అనే అక్షరాల కోడ్‌లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షర సంకేతం మూడు బైట్లు. "తెలుగు" అన్న చిన్న మాటకే గుణింతాలతో కలిపి 18 బైట్లు. కాబట్టి జీజిప్ (పంపే ముందు పేజీని కుదించడం) లేకపోతే మన పేజీకి నష్టం ఎక్కువ, ఉంటే లాభమూ ఎక్కువే. ఆ మూడింటిలో మొదటి రెండు బైట్లు మళ్లీ మళ్లీ అవే వస్తాయి కనుక బాగా నలుగుతుంది. డెబియన్ ఇంజిన్‌ఎక్స్‌లో జీజిప్ ఆన్ చేసే ఉంటుంది గానీ హెచ్‌టీఎంఎల్‌కి మాత్రమే. సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, ఎస్‌వీజీల పేర్లు మనం రాయాలి. డెబియన్ అపాచీలో ఆ జాబితా చాలావరకు రాసే ఉంటుంది. క్యాడీలో ఒక్క మాట చేర్చాలి. ఒత్తుల రూపాలన్నీ మోసే తెలుగు ఫాంటుకు బ్రౌజరులో ఒక ఏడాది క్యాష్ గడువు ఇవ్వండి. వాఫ్2 ఫాంటును మళ్లీ జీజిప్ చేయొద్దు, అది అప్పటికే కుదించినది.

పాఠకులు గుంటూరు, కరీంనగర్లలో ఉండి సర్వరు అమెరికాలో ఉంటే ఈ పోలికంతా వృథా. ఒక్కో రాకపోకకు 200 మిల్లీసెకన్ల పైనే పడుతుంది, మొదటి అక్షరం వచ్చేలోపు అలాంటివి కనీసం మూడు. ముంబైకో హైదరాబాద్‌కో మారిస్తే వచ్చే లాభం ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు. పాఠకుల్లో సగం మంది డాలస్‌లో ఉంటే అప్పుడు సీడీఎన్ (పేజీల కాపీలను పాఠకులకు దగ్గరలోని సర్వర్లలో ఉంచే సేవ) గురించి ఆలోచించాలి.

ఆ పత్రికకు చివరికి ఏం చేశామంటే, సంక్రాంతికి అపాచీనే ఉంచి ఈవెంట్‌కి మార్చి, ఎఫ్‌పీఎం, క్యాష్ ప్లగిన్ పెట్టాం. పడిపోలేదు. తర్వాత తీరిక దొరికాక ఉగాదికి ఇంజిన్‌ఎక్స్‌కి మార్చాం. వేగంలో సంపాదకుడికి తేడా తెలియలేదు, నాకు మాత్రం ర్యామ్‌లో కాస్త చోటు మిగిలింది. సంచిక రోజు ఒకే ఒక్క ఫోన్ వచ్చింది: ముఖచిత్రం అప్‌లోడ్ కావడం లేదు, ఏదో 413 అంటోంది అని. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీకి మించిన ఫైలును లోపలికి రానివ్వదు, ఆ పరిమితి పెంచడం నేను మరిచిపోయాను.