ఊడదీసే టంగ్‌తో క్యాంపింగ్ ట్రైలర్ ఫ్రేమ్: నాలుగేళ్లు వాడాక

మేముండేది డల్లాస్ శివారులో. మా కాలనీలో డ్రైవ్‌వే మీద ట్రైలర్ కనబడితే చాలు, నోటీసు వస్తుంది. అంటే గ్యారేజీలోనే పెట్టాలి. దాని లోతు 20 అడుగులు, వెనక గోడ దగ్గర వాటర్ హీటర్, ఫ్రీజర్ కలిసి 5 అడుగులు తినేశాయి. నేను కట్టాలనుకున్న టియర్‌డ్రాప్ ట్రైలరేమో (కన్నీటి బొట్టు ఆకారంలో ఉండే, లోపల పడుకునే చిన్న బండి) ముందు టంగ్, అంటే కారుకి తగిలించే పొడవాటి పైపు, వెనక స్టెప్నీ కలుపుకుని పదిహేనున్నర. ఆ అరడుగు కోసమే ఈ తంటా అంతా.

వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న, "నొగ ఊడొచ్చే బండన్నమాట. చీల జాగ్రత్తరోయ్" అన్నారు. నాలుగేళ్లలో 11,000 మైళ్లు తిరిగాక చెప్తున్నా, అసలు విషయం ఆ చీలదే.

ఫ్రేమ్ 5 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. 2×3 అంగుళాల బాక్స్ పైపుతో కట్టాను. టంగ్ రెండున్నర అంగుళాల చదరపు పైపు, గోడ మందం పావు అంగుళం. అది ముందు అడ్డపట్టీ కింద ఒక స్లీవ్‌లోంచి (టంగ్ పట్టేంత పెద్ద పైపు ముక్క) దూరి, వెనక రెండో అడ్డపట్టీ దగ్గర ఇంకో స్లీవ్‌లోకి వెళ్తుంది. బరువు వంచేదంతా ముందు స్లీవ్ దగ్గరే. అందుకే అక్కడ టంగ్‌కి బెజ్జం పెట్టలేదు. వంపు బలం దాదాపు ఉండని వెనక స్లీవ్‌లో, పక్క గోడల మధ్యలోంచి అడ్డంగా 5/8 అంగుళాల పిన్ను (నాన్న అన్న చీల ఇదే), దానికి తోడుగా ఒక బోల్టు. పైనుంచి కిందికి బెజ్జం వేసి ఉంటే సరిగ్గా బలం కావాల్సిన చోటే పైపుని కోసినట్టు అయ్యేది.

స్లీవ్ పైపు లోపల అతుకు గీత ఒకటి ఉబ్బి ఉంటుంది. నేను చూసుకోలేదు. వెల్డింగ్ వేడికి స్లీవ్ కూడా కాస్త లోపలికి లాక్కుంది. టంగ్ సగం వెళ్లి బిగుసుకుపోయింది. దాన్ని వెనక్కి లాగి, చేయి పట్టని చోట ఆకురాయితో అరగదీయడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది.

మొదట్లో జాక్‌ని టంగ్‌కే బిగించాను. టంగ్ తీయగానే ట్రైలర్ ముక్కు నేలకు ఆనింది! అప్పుడు జాక్ ఫ్రేమ్‌కి మార్చాను. సేఫ్టీ చైన్లు మాత్రం మొదటినుంచీ ఫ్రేమ్‌కే. టంగ్‌కి కట్టి ఉంటే, పిన్ను జారిన రోజు చైన్లు టంగ్‌ని పట్టుకుని కారు వెంట వెళ్తాయి, ట్రైలర్ దాని దారిన అది పోతుంది. అంత పొడవు చైన్ రోడ్డు మీద ఈడ్చుకోకుండా టంగ్ కింద రెండు కొక్కేలు పెట్టుకోవాలి.

మొదటి ఏడాది చిరాకంతా చప్పుడుతోనే. ప్రతి గతుకుకీ టంగ్ స్లీవ్‌లో ఠంగుమని మోగేది. ముందు స్లీవ్ పక్కన నట్టు వెల్డ్ చేసి, అందులోంచి బోల్టు బిగించి టంగ్‌ని ఒక పక్కకి నొక్కాను. బిగ్ బెండ్ నేషనల్ పార్కు మట్టిరోడ్ల మీద కూడా మళ్లీ మోగలేదు.

ఒకసారి వానలో తిరిగొచ్చి, టంగ్ తీయడానికి బద్ధకించి, గ్యారేజీలో ఐమూలగా నిలబెట్టి మూడు నెలలు వదిలేశాను. తర్వాత అది రాలేదు. తుప్పు వదిలే ఆయిల్, పెద్ద సుత్తి, రెండు గంటలు. ఇప్పుడు ప్రతి ట్రిప్పుకీ గ్రీజు రాస్తాను. గ్రీజు వల్ల ఇంకో గొడవ: లైట్ల గ్రౌండ్‌ని టంగ్‌కే కలిపాను కదా, కరెంటు ఆ అతుకులోంచి సరిగా వెళ్లక ఇండికేటర్ మిణుకుమిణుకుమనేది. తెల్ల వైరుని నేరుగా ఫ్రేమ్ దాకా లాగితే తీరింది.

యాక్సిల్ విషయంలో తప్పు చేశాను. సామాన్లతో కలిపి 1,500 పౌండ్లు దాటని బండికి 3,500 పౌండ్లు మోసే టార్షన్ యాక్సిల్ (లోపలి రబ్బరే స్ప్రింగులా పనిచేసే ఇరుసు) వేశా. గట్టిగా ఎగరేస్తుంది, లోపల గిన్నెలు ఒక చోట నిలవవు.

కొసన కారుకి తగులుకునే కప్లర్‌తో కలిపి టంగ్ 55 పౌండ్ల పైనే, పొడవు ఏడడుగులు. ఒక్కడినే తీయగలను కానీ నడుము ఒప్పుకోదు. పిన్ను ఒకసారి మార్చాను, స్లీవ్ బెజ్జం రవ్వంత కోలగా అరిగింది.

మామూలు టంగ్‌తో గ్యారేజీలో పట్టేటట్టుంటే దీని జోలికి పోవద్దనే చెప్తాను. ఫ్రీజర్ తీసేస్తే మనమూ టంగ్‌ని వెల్డ్ చేసేయొచ్చు కదా అని మా ఆవిడతో ఒకసారి అన్నాను. మళ్లీ అనలేదు.