పది తర్వాత: ట్రిపుల్ ఐటీనా, నెల్లూరు కార్పొరేట్ ఇంటరా?

దర్శి జడ్పీ హైస్కూల్లో పది పాసైన పిల్లకి రెండు దారులు: ఒంగోలు ట్రిపుల్ ఐటీ, లేదా ఐఐటీ కోసం నెల్లూరు కార్పొరేట్ కాలేజీలో ఇంటర్.

సీటు: ఒంగోలు ట్రిపుల్ ఐటీ (ఆర్జీయూకేటీ అనే ప్రభుత్వ వర్సిటీ క్యాంపస్) పదో తరగతి మార్కులతోనే ఇస్తుంది. ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడి పిల్లలకు 4 శాతం అదనం. ఇది దయ కాదు, న్యాయం. ట్యూషన్ లేకుండా తెచ్చుకున్న మార్కుకి బరువెక్కువ. ఐఐటీకి మాత్రం జేఈఈ మెయిన్, ఆపై అడ్వాన్స్‌డ్ రాయాలి. అక్కడ కోచింగ్ కొనగలిగినవాళ్లు ముందే సగం దూరంలో ఉంటారు.

ఖర్చు: ట్రిపుల్ ఐటీలో రెండేళ్ల పీయూసీ (ఇంటర్‌తో సమానం), నాలుగేళ్ల బీటెక్ కలిపి ఒకే కోర్సు. కార్పొరేట్‌లో ఫీజు, హాస్టల్, ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ పేరుతో మూడో ఏడు కూడా. ఐఐటీలో చేరాక ఎస్సీ, ఎస్టీలకు, ఏడాదికి లక్షలోపు ఆదాయమున్న ఇళ్లకు ట్యూషన్ ఫీజు ఉండదు. అసలు భారం గేటు బయటే.

రిస్క్: అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే. బీసీ పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది కాగితం దగ్గర: ఐఐటీ రిజర్వేషన్‌కి కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న బీసీ కుటుంబం కాదనే) సర్టిఫికెట్, ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తర్వాత తేదీతో ఉండాలి. ఏం కావాలో మార్చిలోనే సచివాలయంలో అడిగి తెలుసుకోండి, సర్టిఫికెట్ మాత్రం ఏప్రిల్‌లో తీసుకోండి.

అప్పు చేయాల్సొస్తే ట్రిపుల్ ఐటీ. లెక్కల మీద పిచ్చి ఇష్టం, ఫీజు రాయితీ రెండూ ఉంటే ఇంటర్.